తొమ్మిది గంటల ఫోను

ఎనిమిదీ ముప్ఫై ఏడు. చెయ్యి జారింది. పేర్ల గడి నొక్కబోయి పక్కనున్న టైము గడి నొక్కాను, స్క్రీను మీద పట్టిక ఒక్క పల్టీ కొట్టి తిరగబడింది. తొమ్మిది రోజులుగా బాబాయి పేరు నెత్తిన పెట్టుకుని నన్ను వెక్కిరిస్తున్న పట్టిక ఇది. ఇప్పుడు పేర్లన్నీ చెల్లాచెదురైపోయాయి, టైములు మాత్రం బడిపిల్లల్లా వరసకట్టాయి. తొమ్మిది. తొమ్మిదీ ఒకటి. తొమ్మిదీ మూడు. తొమ్మిదీ నాలుగు. తొమ్మిదీ ఆరు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాను, తుడిచినా అవే అంకెలు. మొత్తం నలభై ఒక్క హార్డ్ బ్రేకులు, తొమ్మిది రోజుల్లో, పదకొండు బళ్లకి, అందులో ఒక్కటంటే ఒక్కటి కూడా పదింటికి లేదు, మిట్టమధ్యాహ్నం లేదు, సాయంత్రం ఊళ్లో రద్దీలో, అడ్డంగా జనం దూకే చోట, నిజంగా బ్రేకు పడాల్సిన చోట లేనే లేదు. అన్నీ తొమ్మిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య. ఇదేం చోద్యం? ఆ అరగంటలో మా డ్రైవర్లందరికీ దయ్యం పడుతుందా? ఏదో ఉంది, ఇక్కడే ఉంది, నా ముక్కు కిందే ఉంది, నాకే కనిపించడం లేదు.

నేను కంట్రోలు రూములో ఉంటాను కాబట్టి డ్రైవర్లు నన్ను కంట్రోలక్క అంటారు. రూమంటే గోడౌను పక్కన ఒక గది, ఒక బల్ల, ఒక స్క్రీను, గోడకి ఒక పెద్ద టీవీ, గాలి రాని కిటికీ. మా బళ్లు అద్దాలు మోస్తాయి, కిటికీలకీ షాపులకీ వేసే పెద్ద పెద్ద అద్దం పలకలు, చెక్క ఫ్రేముల్లో నిలబెట్టి కట్టిన పలకలు. అద్దం లోడుకి స్పీడు కన్నా బ్రేకు ప్రమాదం, ఒక్కసారి గట్టిగా తొక్కితే వెనక పలక భళ్లుమంటుంది. అందుకే కంపెనీ బళ్లకి పెట్టెలు పెట్టించింది, బండి ఎక్కడుందో, ఎంత స్పీడులో ఉందో, బ్రేకు ఎంత గట్టిగా పడిందో ఎప్పటికప్పుడు నా స్క్రీనుకి చెప్పే పెట్టెలు. పెట్టెలు బిగించడానికి వచ్చిన అమ్మాయి, బుగ్గన పెన్ను గీతతో, నా పక్కన ఒక్క గంట కూర్చుని చెప్పింది, అక్కా, ఇదిగో ఇది రూలు, ఇక్కడ ఏం జరిగితే అని పెట్టాలి, ఇక్కడ ఎవరికి చెప్పాలి అని పెట్టాలి, అంతే, ఇక అదే చూసుకుంటుంది, మీరు కళ్లు మూసుకున్నా అది మూసుకోదు. ఒక్క గంటే. మిగతాదంతా నేనే నేర్చుకున్నాను, పదో తరగతి తప్పినదాన్ని, సాయం పేజీలు ఒక్కొక్క లైను కింద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. స్పీడు దాటితే అలర్టు, ఇంజను ఊరికే తిరుగుతుంటే అలర్టు, దారి తప్పితే అలర్టు, చెప్పని చోట ఐదు నిమిషాలకు మించి ఆగితే అలర్టు. బ్రేకు ఎంత గట్టిగా పడితే అలర్టు, ఆ గీత ఎక్కడ పెట్టాలని యంత్రం అడిగితే నేనే కిందికి దించి పెట్టాను. నేనే! ఎవరూ దించమనలేదు. మా వాళ్ల కాలు మీద నాకంత నమ్మకం, గీత ఎంత కిందికి పెడితే అంత గొప్పగా తేలుతారని, అప్పుడు మేనేజరు నోరు మూతపడుతుందని. వెర్రిమొహం లెక్క. రెండో రోజుకే బాబాయి పేరు ఎర్రగా వెలిగింది. తొమ్మిదో రోజుకి తొమ్మిది.

నిన్న సాయంత్రం నోటీసు అంటించాడు మేనేజరు. డ్రైవర్లు అతన్ని గడియారం అంటారు, పలకరించినా నిమిషాల్లోనే పలకరిస్తాడు, నాలుగు నిమిషాలు లేటు, రెండు నిమిషాలు ముందు. నోటీసులో ఉన్నది ఒకటే, పరీక్ష కాలం అయిపోయింది, ఉదయం పది గంటలకి పట్టికలో పైన ఎవరి పేరుంటే ఆ డ్రైవరు బండి దిగాలి, రేపట్నుంచి గేటు దగ్గర చీటీలు చూడాలి. పేరు రాయలేదు. రాయక్కర్లేదు, గోడౌనులో చీమకి కూడా తెలుసు ఎవరో. ముప్ఫై మూడేళ్లు స్టీరింగు పట్టిన మనిషి. ఒక్క పలక పగిలినా రెండ్రోజులు మాట్లాడని మనిషి. నా మోకాలు బాగున్న రోజుల్లో నాకు బండి నేర్పింది ఆయనే, మా నాన్న తమ్ముడు, ఆడపిల్లకి లారీ ఏమిటని చుట్టాలంతా నోరు నొక్కుకుంటే, ఏం, క్లచ్చి మగదా అని అడిగాడు. కానీ వారం రోజులు స్టీరింగు తాకనివ్వలేదు. వెనక కూర్చోబెట్టాడు, లోడు పక్కన, రేకు నేల మీద. ఆయన ముందు తొక్కుతాడు, నేను వెనక పడతాను. మోచేతులు చెక్కుకుపోయాయి. ఎందుకు బాబాయ్ ఈ శిక్ష అంటే, శిక్ష కాదే, బ్రేకు తొక్కేవాడికి బ్రేకు తగలదు, వెనకున్నవాడికి తగులుతుంది, అది ఒంటికి తెలియాలి అన్నాడు. తర్వాత పదకొండేళ్లు నడిపాను, ఎడమ మోకాలు పోయేదాకా. అట్లాంటి మనిషి రోజుకొక హార్డ్ బ్రేకు! మొదట పెట్టె పాడయిందనుకున్నాను, మెకానిక్కుని పంపి మార్పించాను, కొత్త పెట్టె కూడా అదే చెప్పింది. అప్పుడు నాకూ అనుమానం వచ్చింది, ఒప్పుకుంటున్నాను, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, పెద్దవాడయ్యాడేమో, కాలు మాట వినడం లేదేమో అని నేనూ అనుకున్నాను. నిన్న పిన్ని ఫోను చేసింది. మీ బాబాయి గోడకేసి తిరిగి పడుకున్నాడు, కంచం ముట్టలేదు, ఆ పెట్టెకి బుద్ధి చెప్పింది నువ్వేనటగా, చిన్నప్పుడు నీకు జడలు వేసిన చేతులతో నిన్నేమీ అనలేను గానీ, సొంత బాబాయి మీదే కాపలా పెట్టిన మహాతల్లివి, నిన్ను చూసి ఊరంతా నేర్చుకోవాలి అంది. ఫోను పెట్టేసి మళ్లీ ఆ పట్టికే తెరిచాను.

తొమ్మిది, మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు. నిమిషం అటూ ఇటూగా మూడేసి నిమిషాల ఎడం. బళ్లు కూడా మూడేసి నిమిషాలకే బయల్దేరతాయి కదా, క్రేను ఒక లోడు ఎత్తి పెట్టడానికి మూడు నిమిషాలు, ఎనిమిదీ పదిహేనుకి మొదటి బండి, బాబాయిది, పెద్దవాడు కాబట్టి ఎప్పుడూ ఆయనదే ముందు, తర్వాత సీనియారిటీ ప్రకారం. ముప్పావు గంటకి దిగుడు మలుపులు వస్తాయి. అంటే తొమ్మిదికి బాబాయి మూడో మలుపులో ఉంటాడు, తర్వాత బండి తొమ్మిదీ మూడుకి అదే మలుపు. సరే, మలుపు. మలుపులో బ్రేకు పడుతుంది. కానీ ఆ దిగుడు మలుపులో వాళ్లు గేరు మార్చి దిగుతారు, బ్రేకుతో కాదు, నేనే వెయ్యిసార్లు దిగాను, వేలితో వెన్న తీసినట్టు దిగుతుంది బండి. ఒక్కడు మాత్రం పట్టికలో లేడు. సున్నా. బండరాయి. ఆయన్ని బండరాయి అనడం ఎందుకంటే ఫోను ఎత్తడు, ఎన్నిసార్లు మోగినా ఎత్తడు, ఫోను బండరాయికి తగిలినట్టే అని అందరూ తిట్టుకుంటారు, నేను కూడా రోజూ తిట్టుకుంటాను, తొమ్మిదీ పద్దెనిమిదికి, ఆయన వంతు వచ్చినప్పుడు...

ఆయన వంతు.

వచ్చినప్పుడు.

బల్ల మీద అతికించిన కాగితం వైపు చూశాను. ఆరేళ్లుగా అక్కడే ఉన్న కాగితం, మూలలు వంకర తిరిగిన కాగితం, నా చేతిరాత. తొమ్మిదింటికి ఫోను చేయాల్సిన వరస. ఒకటి, బాబాయి. పెద్దవాడు కాబట్టి ముందు ఆయనకే, మర్యాద. రెండోది రెండో బండి. మూడోది మూడో బండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఎక్కడున్నారు, లోడు బాగుందా, దారి ఖాళీయేనా, రాసుకుని తర్వాతి నంబరు. నేనే. నేనే! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు రెండు చేతులతో నా భుజాలు పట్టుకున్నాను. ఈసారి దొంగ భుజాలే అవి. అరిచానట. ఏమని అరిచానో నాకు తెలియదు, కిటికీలోంచి మెకానిక్కు తల పెట్టాడు, చేతిలో స్పానరు, "ఏం కంట్రోలక్కా, పాము వచ్చిందా, లాటరీ వచ్చిందా?" అన్నాడు. "దొంగ దొరికాడయ్యా" అన్నాను. "ఎవడు?" "నేనే." నన్ను ఎగాదిగా చూసి, "పొద్దున్నే కాస్త టీ తాగక్కా" అని వెళ్లిపోయాడు. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ కలిసి తుమ్ము వచ్చింది. బాబాయికి తొమ్మిది ఎందుకు? మిగతావాళ్లకి మూడూ నాలుగూ ఎందుకు? వాళ్లు ఒకరోజు ఎత్తుతారు, ఒకరోజు మోగి మోగి ఆగాక మలుపు దిగి చేస్తారు. బాబాయి మొదటి మోతకే ఎత్తుతాడు. ఎందుకంటే చేస్తున్నది నేను కాబట్టి. అన్న కూతురు పిలిస్తే ఆయన ఎప్పుడు పలకలేదు? మూడో మలుపులో, ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి చొక్కా జేబులో, గేరు మీద చెయ్యి లేదు, ఇక మిగిలింది కాలే. తొక్కుతాడు. తొక్కి, "చెప్పు తల్లీ" అంటాడు. తొమ్మిది రోజులూ నాతో "చెప్పు తల్లీ" అన్నాడు, ఆ మాట వెనకే టీవీలో టింగుమంది, నేను ఆ టింగుని విన్నాను, ఈ చెవితో ఆయన్ని, ఆ చెవితో దాన్ని, అయ్యో బాబాయ్, మళ్లీ తొక్కావా అని మనసులో అనుకున్నాను. రెండు చెవులూ ఒకే తలకి ఉండి ఏం లాభం!

ఎనిమిదీ నలభై ఆరు. కాళ్లు నిలవడం లేదు, మోకాలు పట్టించుకోకుండా గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. తొమ్మిది రోజులేనా? పెట్టెలు రాకముందు? ఆరేళ్లు! ఆ మలుపుల దగ్గర పలకలు పగులుతాయని గోడౌనులో అందరికీ తెలుసు, ఆ రోడ్డు శాపం అన్నారు, కట్లు వదులన్నారు, చెక్క నాసిరకం అన్నారు, రెండేళ్ల కింద నాలుగో బండి డ్రైవరు చెయ్యి కోసుకుపోయి కుట్లు పడితే నిర్లక్ష్యం అని కాగితం రాయించారు, ఆ కాగితం మీద సాక్షి సంతకం నాదే. నాదే! ఇంతకీ ఆ ఫోను దేనికి? తొమ్మిదీ నలభైకి ఓనరు గారి బల్ల మీద ఒక షీటు ఉండాలి, ఏ బండి ఎక్కడుందో. గడియారం సంతకం పెట్టిన ఆర్డరు అది. సరే, ఆ రోజుల్లో వేరే దారి లేదు. ఇప్పుడు? పదకొండు బాణాలు స్క్రీను మీద పాకుతున్నాయి, ఏది ఎక్కడుందో గజాలతో సహా కనిపిస్తోంది, మనిషి తుమ్మితే తెలిసేలా ఉంది, అయినా నేను ఫోను చేసి ఎక్కడున్నావని అడుగుతున్నాను! కళ్లు కొనుక్కున్నారు గానీ నోరు మూసుకోలేదు. ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, నీళ్ల కుళాయి కోసం తొమ్మిది దరఖాస్తులు రాసినదాన్ని, డ్రైవర్లకి మరుగుదొడ్డి కట్టేదాకా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నదాన్ని, పెద్ద నోరున్నదాన్నని పేరున్నదాన్ని, ఈ అలవాటు మీద నా నోరు లేవలేదు, ఎందుకంటే అది నా అలవాటు. ఎదుటివాడి తప్పు మీద అరవడం ఎంత సుఖం! అలర్టులు పెట్టేవాళ్లకి అలర్టు లేదు. ఎవడు తొక్కాడో చెప్పే పెట్టె ఉంది, ఎవడు తొక్కించాడో చెప్పే పెట్టె లేదు.

లేదా?

కూర్చున్నాను. పెళ్లిపందిట్లో డప్పు వినపడితే కాళ్లు ఆగనట్టు, వేళ్లు ఆగడం లేదు. కొత్త రూలు. ఏం జరిగితే? జాబితా తెరిచాను, స్పీడు, బ్రేకు, ఆగడం, తలుపు, ఇంకా కిందికి, ఇంకా కిందికి, ఉంది, ఉంది తల్లీ, ఆఫీసు నుంచి కాల్. పెట్టెలొచ్చిన రోజునుంచి నేను ఫోను చేసేది ఈ స్క్రీనులోంచే, బాణం మీద నొక్కితే ఫోను గుర్తు వస్తుంది, అది నొక్కితే డ్రైవరుకి మోగుతుంది, ఎవరు నొక్కారో, ఏ సెకనుకి నొక్కారో ఈ యంత్రం బుద్ధిగా రాసిపెట్టుకుంటుంది. ఆఫీసు నుంచి కాల్ వెళితే. మరియు. బండి స్పీడు సున్నాకంటే ఎక్కువైతే. అలర్టు. ఎవరి పేరు మీద? డ్రైవరు పేరు అని అదే పూరించుకుంది, ఎంత అలవాటు దానికి! కొట్టేశాను. ఫోను చేసినవారి పేరు. ఎవరికి చెప్పాలి? డ్రైవర్ల అలర్టులు ఎవరికి పోతున్నాయో వాళ్లందరికీ, మేనేజరుకి, ఓనరుకి, గోడ మీద టీవీకి. కింద ఒక చిన్న మీట ఉంది, పాత రోజుల మీద పరీక్షించు అని. నొక్కాను. ఒక చక్రం తిరిగింది. తిరిగింది. తిరిగింది, చూస్తూ గోరు కొరుక్కున్నాను. తొంభై తొమ్మిది. పదకొండు బళ్లు, తొమ్మిది రోజులు, తొంభై తొమ్మిది అలర్టులు, ఒకే పేరు మీద, నా పేరు మీద. బాబాయివి తొమ్మిది. నావి తొంభై తొమ్మిది. పట్టికలో నేను ఎక్కడో మేడ మీద ఉన్నాను, ఆయన నేల మీద ఉన్నాడు. జీవితంలో నాకు ఇన్ని మార్కులు ఎప్పుడూ రాలేదు.

ఎనిమిదీ యాభై ఏడు. బాబాయి బాణం మొదటి మలుపు వైపు పాకుతోంది. ఇప్పుడు ఫోను చేయకూడదు. చేయను. ఆరేళ్లలో మొదటిసారి చేయను, ఆర్డరు తప్పినట్టే, కుర్చీ పోతే పోయింది. కానీ అప్పుడే ఆ పాడు ఆలోచన వచ్చి మెడ మీద కూర్చుంది. చేయకపోయినా బ్రేకు పడితే? ఫోను లేకుండా, చెయ్యి ఖాళీగా ఉండి, గేరు చేతిలో ఉండి, అయినా తొక్కితే? అప్పుడు నా లెక్కంతా గంగలో కలుస్తుంది, నేను తప్పుకుని ఆయన్నే తోసినట్టవుతుంది, నిజంగానే కాలు ముసలిదైపోయిందని పెట్టె ముద్ర వేస్తుంది, పదింటికి గేటు. ఫోను చేస్తే కనీసం సాకు మిగులుతుంది. సాకు! ఛీ. ఆయన వెనక రేకు మీద వారం రోజులు పడి లేచిన ఒళ్లు నాది, ఆ కాలు ఎలాంటిదో నా మోచేతులకు తెలుసు, పట్టిక చూసి నేను మర్చిపోయాను గానీ అవి మర్చిపోలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, అలవాటుగా లేచి ఎక్కడ నొక్కేస్తాయో అని. ఎనిమిదీ యాభై తొమ్మిది. రెండో మలుపు. బాణం చిన్నగా వంగింది. నీలం బాణం, పక్కన స్పీడు, ముప్ఫై ఒకటి, ఇరవై తొమ్మిది, ఇరవై ఆరు, గేరు మార్చాడు, ఇరవై రెండు, ఇరవై రెండు, ఇరవై ఒకటి, కిందికి దిగుతున్న అంకె ఎంత మెత్తగా దిగుతోంది, గడపలో కూర్చుని పిల్లలకి కథ చెప్పినట్టు. తొమ్మిది. టీవీ వైపు చూడలేను. చూశాను. తొమ్మిదీ ఒకటి. టింగు లేదు. మూడో మలుపు బాణం వెనక్కి వెళ్లిపోయింది. తొమ్మిదీ రెండు, నాలుగో మలుపు, టింగు లేదు. నేను లేచి నిలబడి గాల్లో పిడికిలి ఊపాను, ఎవరూ చూడలేదు, చూసినా బాధ లేదు. తొమ్మిదీ మూడు, రెండో బండి మూడో మలుపులోకి, దా, దా నాయనా, దా, ఇరవై నాలుగు, ఇరవై మూడు, లేదు! తొమ్మిదీ ఆరు, మూడో బండి, ఇతను వయసొచ్చినా కుర్రతనం పోని డ్రైవరు, కొంచెం ఎక్కువ పట్టాడు, ముప్ఫై, ఒరే నెమ్మది, ఇరవై ఏడు, లేదు, లేదు, లేదు! ఈ గది ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడైనా ఉందా? ఫోను పెట్టేస్తే ఇన్ని చప్పుళ్లు వినిపిస్తాయా, క్రేను గొలుసు, కిటికీ రెక్క, నా ఊపిరి.

తొమ్మిదీ తొమ్మిదికి బాబాయి బాణం ఆగింది. మలుపులు దిగాక రోడ్డు పక్కన వెడల్పు జాగా ఉంటుంది, అక్కడ. చెప్పని చోట. ఐదు నిమిషాలు దాటితే అలర్టు, నేను పెట్టిన రూలే, ఏమైంది, ఒంట్లో బాలేదా, పలక కదిలిందా? అప్పుడే బల్ల మీద నా ఫోను మోగింది. ఆయనే.

"ఏమే, బతికే ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నా బాబాయ్. నీకేమైంది, ఎందుకాపావు?"

"నాకేమవుతుంది? తొమ్మిదయింది, నీ ఫోను రాలేదు. పదింటికి నన్ను దించేస్తారు కదా, మాట్లాడ్డానికి మొహం చెల్లక చేయలేదేమో అనుకున్నా. ఇందులో నీ తప్పేముందే పిచ్చిదానా? రాతలో ఉంది."

"రాతలో కాదు, నా కాగితంలో ఉంది" అని మొదలుపెట్టి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను, టైములు, వరస, బండరాయి సున్నా, తొంభై తొమ్మిది, అన్నీ కలగాపులగంగా, ముందుది వెనక, వెనకది ముందు. "బాబాయ్?" అన్నాను. అప్పుడు వినిపించింది, ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆ మనిషి ముక్కు ఎగబీల్చడం నేను మా నాన్న పోయినప్పుడు కూడా వినలేదు.

"నేను కాలు పోయిందనుకున్నానే" అన్నాడు. "తొమ్మిది రోజుల్నుంచి పొద్దున లేవగానే మంచం మీద కూర్చుని కాలు ఆడించి చూసుకుంటున్నా. బానే ఆడుతోంది కదా, మరి బండెక్కితే ఏం రోగం అని. నిన్న మీ పిన్నితో చెప్పేశా, వాళ్లు దించడమెందుకు, నేనే తాళం ఇచ్చేస్తా అని."

"ఇచ్చావో, మర్యాదగా ఉండదు."

"ఓహో. తొంభై తొమ్మిది తప్పులు చేసినదానివి, నువ్వా నాకు మర్యాద చెప్పేది?" అన్నాడు, గొంతు తేరుకుంది, తిట్టే గొంతు వచ్చేసింది, ఎంత బాగుంది ఆ తిట్టు! "ఇవాళ కూడా తెలుసా, మూడో మలుపు దాకా నీ ఫోను కోసం చెవి అక్కడే పెట్టి దిగాను. మోగలేదు. మోగకపోతే బండి ఎంత సుఖంగా దిగిందే!" తర్వాత, "సరే, నాలుగు నిమిషాలైంది, నీ పెట్టె మళ్లీ కూస్తుంది, పోతున్నా" అని పెట్టేశాడు. బాణం కదిలింది. నేను కొంగుతో మొహం తుడుచుకుని స్క్రీను మీద పడ్డాను. షీటు స్క్రీను చూసే నింపాను, ఏ బండి ఎక్కడుందో, ఒక్కరిని అడగకుండా, ఆరు నిమిషాల్లో. తొమ్మిదీ ముప్ఫైకి పదకొండో బండి మూడో మలుపు దిగింది. సున్నా. ఇవాళ సున్నా. తొమ్మిదీ ముప్ఫై ఒకటికి కొత్త రూలు ఆన్ చేశాను, తొంభై తొమ్మిది అలర్టుల పట్టిక ఓనరుకి పంపాను, కింద ఒక లైను రాశాను, ఈ ఫోన్లు చేసినది నేను, చేయమని సంతకం పెట్టినది మేనేజరు గారు, ఈ ఉదయం నేను చేయలేదు, ఒక్క బ్రేకు పడలేదు. రెండుసార్లు చదవలేదు. చదివితే మెత్తబడతాను.

తొమ్మిదీ నలభైకి గడియారం వచ్చాడు. చేతిలో నోటీసు రెండో కాపీ, పేరు రాయడానికి ఖాళీ గీత, పెన్ను మూత తీసే ఉంది. "నిమిషం కూడా లేదమ్మా, షీటు ఇవ్వు, పట్టికలో పైన ఉన్న పేరు చదువు" అన్నాడు. చదివాను. నా పేరే చదివాను. రాయబోయి ఆగాడు. "పరాచికాలా?" అన్నాడు. స్క్రీను అతని వైపు తిప్పాను. ఈసారి గుక్క తిప్పుకుని, వరసగా చెప్పాను, వేలు పెట్టి చూపిస్తూ, ఫోను తొమ్మిది, బ్రేకు తొమ్మిదీ ఒకటి, ఫోను తొమ్మిదీ మూడు, బ్రేకు తొమ్మిదీ నాలుగు. అతని మొహంలో నిమిషాలన్నీ ఆగిపోయాయి.

"ఇది డ్రైవర్ల పట్టిక" అన్నాడు చివరికి. "నువ్వు డ్రైవరువి కావు."

"నలభై ఒక్క బ్రేకులూ ఈ కుర్చీలోంచి నేనే తొక్కాను సార్. పేరు రాయండి."

"ఒక్కరోజు ఫోను చేయనంత మాత్రాన ఏం తేలుతుంది?"

"తొమ్మిది రోజులతో ముప్ఫై మూడేళ్ల మనిషిని దించబోయారు కదా సార్. ఇంకో తొమ్మిది రోజులు ఫోను చేయకుండా చూడండి. అప్పుడూ పడితే ఆయన్ని కాదు, నన్ను గేటు దగ్గర పెట్టండి, చీటీలు చూస్తాను, నాకు చదువొచ్చు."

జేబులో అతని ఫోను బుసకొట్టింది. తీసి చూసుకున్నాడు. ఓనరు. ఏం రాశాడో నాకు చూపించలేదు, చదువుతున్నంతసేపు చెవులు మాత్రం ఎర్రబడుతూ పోయాయి. పెన్నుకి మూత పెట్టాడు. నోటీసు నాలుగు మడతలు పెట్టి జేబులో తోశాడు, గోడ మీద కాపీ కూడా తీసేయమని కిటికీలోంచి మెకానిక్కుకి చెప్పాడు, నా వైపు చూడకుండానే. "ఆయన తాళం ఇచ్చేస్తానన్నాడట, గోడౌనులో విన్నాను. వద్దని ముందు ఆయనకి చెప్పాలి" అంటూ వంగి, నా భుజం మీదుగా మౌసు పట్టుకుని, బాబాయి బాణం మీద నొక్కి, ఫోను గుర్తు నొక్కడానికి వేలు ఎత్తాడు.

"ఆగండి సార్" అన్నాను. "బండి నడుస్తోంది."

వేలు అక్కడే ఆగింది. స్పీడు నలభై రెండు. కొత్త రూలు పచ్చగా వెలుగుతోంది, నొక్కితే ఎవరి పేరు టీవీ ఎక్కుతుందో అతనికి తెలుసు. వేలు వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ లాక్కోలేదు, బయటికి పోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని నా పక్కన నిలబడ్డాడు, తొమ్మిదీ నలభై ఎనిమిది, యాభై రెండు, యాభై ఐదు, గడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇద్దరం ఆ నీలం బాణాన్నే చూస్తున్నాం. నా లోపల డప్పులు మోగుతున్నాయి. బాబాయి ఎక్కడో వంతెన దాటి, దుకాణాల వీధిలోకి తిరిగి, తన తీరున తను నెమ్మదిగా పోతున్నాడు, ఆయనకేం తెలుసు, ఆయన ఎప్పుడు ఆపుతాడా అని ఆఫీసు నిలబడి ఎదురు చూస్తోందని.